ఎంత చేసినా చాలదు: పర్ఫెక్షన్ పట్టింపు భార్యాభర్తల మాటల్ని ఎలా మారుస్తుంది?

"మా అబ్బాయికి అన్నీ పర్ఫెక్టుగా ఉండాలండీ" అని పెళ్ళిచూపుల్లో తల్లి గొప్పగానే చెబుతుంది. పద్ధతైన మనిషి, బాధ్యత తెలిసినవాడు అని విన్నవాళ్ళూ అనుకుంటారు. నాలుగేళ్ళు తిరిగేసరికి అదే లక్షణం ఫిర్యాదుగా మారుతుంది: "ఏం చేసినా వంక పెడతారు." అమ్మాయిల విషయంలోనూ ఇంతే. ఇల్లు అద్దంలా పెడుతుందని మెచ్చుకున్న భర్తే, స్నానం చేసి తడి టవల్ మంచం మీద వేయడానికి భయపడుతున్నానని తర్వాత స్నేహితుల దగ్గర నవ్వుతూ చెప్పుకుంటాడు. ఆ నవ్వులో కొంత నిజం ఉంటుంది.

పర్ఫెక్షనిజం మీద ఇప్పుడు చర్చ ఎక్కువైంది. యూట్యూబ్‌లో కౌన్సెలింగ్ వీడియోలు చూసిన చాలామంది దంపతులు ఒకరికొకరు ఈ ముద్ర వేసుకుంటున్నారు. శుభ్రంగా ఉండాలనే ప్రతి మనిషీ పర్ఫెక్షనిస్ట్ కాదు. ఎదుటివాళ్ళ ప్రతి పనిలో లోపం వెతికే అలవాటు "నాకు పర్ఫెక్షన్ ఇష్టం" అనే మాట చాటున దాక్కోవచ్చు కూడా. అసలు ఈ లక్షణం ఎలా పనిచేస్తుందో, దాంపత్యంలో మాటకు ఎక్కడ అడ్డం పడుతుందో, విశాఖపట్నం లాంటి నగరంలో దానికి ఏవి తోడవుతాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

క్లుప్తంగా

ప్రమాణాలు ఎక్కువగా ఉన్నంత మాత్రాన కాపురంలో మాట చెడదు. తాను ఎంత చేసినా ఎదుటివాళ్ళకు చాలదన్న నమ్మకం చెడగొడుతుంది. ఆ నమ్మకం కుదిరాక మామూలు మాట కూడా తప్పు ఎత్తిచూపినట్టు వినిపిస్తుంది. మనిషి తన పొరపాట్లను, ఇబ్బందులను దాచడం మొదలుపెడతాడు. గొడవల కంటే ఈ దాచడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ, ఎందుకంటే ఇంట్లో విషయం తెలిసేసరికి సరిదిద్దుకునే సమయం దాటిపోతుంది.

మూడు రకాలు, మూడు రకాల ఇబ్బందులు

కెనడాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్తలు పాల్ హ్యూవిట్, గోర్డన్ ఫ్లెట్ 1991లో పర్ఫెక్షనిజాన్ని మూడుగా విడదీశారు. ఒకటి తన మీద తాను పెట్టుకునేది: నేను తప్పు చేయకూడదు. రెండోది ఎదుటివాళ్ళ మీద పెట్టేది: నువ్వు తప్పు చేయకూడదు. మూడోది ఎదుటివాళ్ళు తన మీద పెట్టారని నమ్మేది: వీళ్ళు నా నుంచి తప్పులేనితనమే ఆశిస్తున్నారు, అది లేకపోతే నాకు విలువ ఇవ్వరు.

రెండో రకం బయటికి కనిపిస్తుంది. భర్త కూరలో ఉప్పు గురించి, భార్య కారు పార్కింగ్ గురించి, ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటూనే ఉంటారు. ఇంట్లో అందరూ వేలెత్తి చూపేది దీన్నే. మూడో రకం కంటికి కనిపించదు. ఆ మనిషి పైకి ఏమీ అనడు. చెప్పిన పని చేస్తాడు, కాస్త ఎక్కువే చేస్తాడు. లోపల మాత్రం ఎప్పుడూ పరీక్ష రాస్తున్నట్టే ఉంటుంది. హ్యూవిట్, ఫ్లెట్ మరొక పరిశోధకురాలితో కలిసి దంపతుల మీద చేసి 2003లో ప్రచురించిన అధ్యయనంలో దాంపత్యానికి ఎక్కువ చేటు చేసేదిగా బయటపడింది ఈ మూడో రకమే. అలాంటివాళ్ళు కాపురంలో వచ్చే ఇబ్బందులను ఎదుర్కొనే తీరు దెబ్బతింది. దాని ప్రభావం వాళ్ళ సంతృప్తి మీదే కాదు, భాగస్వామి సంతృప్తి మీద కూడా కనిపించింది.

ఇక్కడొక చిక్కుంది. ఎదుటివాళ్ళు నిజంగా అంత ఆశిస్తున్నారా, లేక ఆశిస్తున్నారని ఈ మనిషి ఊహించుకుంటున్నాడా అన్నది చాలాసార్లు తేలదు. చిన్నప్పుడు తండ్రి కళ్ళలో చూసిన నిరాశను ఇప్పుడు భార్య మొహంలో వెతుక్కునేవాళ్ళు ఉంటారు. ఆమె ఆఫీసు తలనొప్పితో ముభావంగా ఉన్నా, అది తన గురించేనని అనుకుంటారు. అలాగని అన్నీ ఊహలే అని కొట్టిపారేయడానికీ వీల్లేదు. రోజూ వంకలు పెట్టే మనిషి పక్కన ఐదేళ్ళు గడిపితే ఆ నమ్మకం ఎవరికైనా వస్తుంది.

రాబర్ట్ స్లేనీ బృందం 2001లో తయారు చేసిన మరో కొలమానం ప్రమాణాలను, లోటును వేర్వేరుగా కొలుస్తుంది. ప్రమాణం అంటే చేరాలనుకున్న ఎత్తు. లోటు అంటే ఆ ఎత్తుకు, చేరానని అనుకుంటున్న ఎత్తుకు మధ్య ఉన్న దూరం. ప్రమాణాలు ఎక్కువగా ఉండి లోటు భావన లేనివాళ్ళు హాయిగానే ఉంటారు. బాధంతా లోటు దగ్గరే. ఆ బృందం ఆలోచననే 2006లో జంటలకు అన్వయించి, తన భాగస్వామిలో మనిషికి ఎంత లోటు కనిపిస్తోందో కొలిచే సాధనం కూడా వచ్చింది. అందుకే "నువ్వు మరీ ఎక్కువ ఆశిస్తున్నావు" అని వాదించడం వల్ల ప్రయోజనం తక్కువ. ఎంత అందుకున్నా అది చిన్నదిగానే కనిపించడం ఈ లక్షణంలోనే ఉంది. 2002లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు రోజ్ షఫ్రాన్, జఫ్రా కూపర్, క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ ఈ సంగతినే వివరించారు: లక్ష్యం చేరగానే, అది అంత కష్టమైనది కాదులే అని తీసిపారేసి గీతను ఇంకాస్త పైకి జరుపుతారు.

సరిదిద్దే మాట

పర్ఫెక్షన్ పట్టింపు ఉన్న ఇంట్లో మాటలు తగ్గవు. కొన్నిసార్లు పెరుగుతాయి. అయితే అందులో ఎక్కువ భాగం సరిదిద్దే మాటలే. "ఇదేటి, గ్యాస్ గట్టు మీద నీళ్ళు అలాగే వదిలేసేవు?" "రైతుబజార్‌కి వెళ్ళి ఈ వంకాయలు తెచ్చేరా? చూసి తేవాలి కదండీ." ఒక్కోటి చూస్తే పెద్ద మాట కాదు. ఎదురు చెబితే "ఇంత చిన్నదానికి అంత కోపమా?" అనిపిస్తుంది. అందుకే ఎదురు చెప్పడమూ కష్టమే.

దంపతుల సంభాషణలను దశాబ్దాల పాటు వీడియో తీసి పరిశీలించిన అమెరికన్ పరిశోధకుడు జాన్ గాట్‌మన్ ఫిర్యాదుకు, విమర్శకు మధ్య తేడా చూపించాడు. కరెంటు బిల్లు కట్టలేదన్నది ఫిర్యాదు. "నీకెప్పుడూ బాధ్యత లేదు" అన్నది విమర్శ. మొదటిది పని గురించి, రెండోది మనిషి గురించి. పర్ఫెక్షనిస్టు మనసులో ఈ రెండింటి మధ్య గోడ చాలా పలచన. పని బాగుంటేనే మనిషి మంచివాడన్నది తన విషయంలో తాను పాటించే సూత్రం కాబట్టి, ఎదుటివాళ్ళ పనిలో లోపం కనబడగానే మాట మనిషి మీదికి జారుతుంది. వినే మనిషిలో కూడా ఆ గోడ పలచగానే ఉంటే పని గురించి అన్న మాట సైతం తన గురించే అన్నట్టు వినిపిస్తుంది. ఇద్దరూ అలాంటివాళ్ళే అయితే వంకాయల దగ్గర మొదలైన మాట అరగంటలో పుట్టింటి దాకా పోతుంది.

సఖ్యంగా ఉన్న జంటల్లో గొడవ జరుగుతున్నప్పుడు కూడా ఒక చేదు మాటకు సుమారు ఐదు మంచి స్పందనలు ఉంటాయన్నది గాట్‌మన్, రాబర్ట్ లెవెన్‌సన్ పరిశోధనలో ప్రసిద్ధమైన లెక్క. చిన్న నవ్వు, "నువ్వన్నది నిజమే", కాస్త తలూపడం, ఇవన్నీ ఆ ఐదులోకి వస్తాయి. ఇవి అమెరికా జంటల మీద చేసిన పరిశీలనలు. మన ఇళ్ళలో మెప్పు నోటితో చెప్పడం తక్కువ, రెండోసారి వడ్డించమనడమే మెచ్చుకోలు. కాబట్టి ఆ అంకెను యథాతథంగా ఇక్కడికి తెచ్చి అంటించలేం. కానీ దిశ మాత్రం వర్తిస్తుంది. బాగున్నదాన్ని "అలాగే ఉండాలి కదా, అందులో ఏముంది" అని వదిలేసి, బాగులేనిదాన్నే నోటితో చెప్పే ఇంట్లో రోజంతా వినిపించేది లోపాలే.

దీనికి మరో రూపం, ఎదుటివాళ్ళు చేసిన పనిని మళ్ళీ చేయడం. భర్త మడత పెట్టిన బట్టలను భార్య ఏమీ అనకుండా విప్పి మళ్ళీ మడత పెడుతుంది. భార్య నింపిన బ్యాంకు ఫారాన్ని భర్త చించేసి కొత్తది రాస్తాడు. ఒక్క మాట లేకుండా చెప్పాల్సిందంతా చెప్పేసినట్టే. సారా అలెన్, అలన్ హాకిన్స్ 1999లో ఉద్యోగాలు చేసే దంపతుల కుటుంబాల్లో 622 మంది తల్లులను అధ్యయనం చేశారు. ఇంటిపని మీద పెత్తనం వదులుకోని తల్లులు 21 శాతం ఉన్నారు. పనిని పంచుకునే తల్లుల కంటే వాళ్ళు వారానికి ఐదు గంటలు ఎక్కువ ఇంటిపని చేస్తున్నారు. తాను చేసినదాన్ని ఎలాగూ మళ్ళీ చేస్తారని తెలిసినవాడు చేయడం మానేస్తాడు. ఆ తర్వాత "మీరు ఏ పనీ ముట్టుకోరు" అన్న ఫిర్యాదు వస్తుంది, అదీ నిజమే అవుతుంది.

ఈ లెక్కను భర్తలు సాకుగా వాడుకునే వీలుంది కాబట్టి మన దేశపు లెక్క కూడా పక్కన పెట్టి చూడాలి. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే మహిళలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దాని మీద గడుపుతున్నారు. ఇంత తేడా ఉన్నచోట, పని సరిగ్గా చేయమని అడిగే భార్యను పర్ఫెక్షనిస్ట్ అనడం చాలాసార్లు అన్యాయం. ఆమె అడుగుతున్నది పరిపూర్ణత కాదు, వాటా.

దాచడం: అసలు నష్టం ఇక్కడే

హ్యూవిట్ బృందం 2003లో మరో సంగతి తేల్చింది. పర్ఫెక్టుగా ఉండాలనుకోవడం ఒకటైతే, పర్ఫెక్టుగా కనిపించాలనుకోవడం మరొకటి. ఈ రెండోదానికి మూడు ముఖాలున్నాయి: తన గొప్పను ప్రదర్శించడం, తన లోపం ఎవరి కంటా పడకుండా చూసుకోవడం, తన లోపాన్ని నోటితో ఒప్పుకోకపోవడం. పెళ్ళయిన ఇంట్లో మొదటిది ఎన్నాళ్ళో సాగదు. మిగతా రెండూ మాత్రం ఏళ్ళ తరబడి సాగుతాయి.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. మధురవాడలో ఉంటూ రుషికొండ వైపు ఐటీ ఆఫీసుకు వెళ్ళే భర్తకు ఏడాది సమీక్షలో తక్కువ రేటింగ్ వచ్చింది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే భార్య ఏమంటుందో అతనికి తెలియదు. మనసులో మాత్రం ఆమె నిరాశను అప్పుడే చూసేశాడు. "ఎలా జరిగింది?" అంటే "బానే ఉంది" అన్నాడు. ఆ ఒక్క మాటను నిలబెట్టడానికి మరికొన్ని మాటలు కావాలి. రాని బోనస్ గురించి ఏదో చెప్పాలి. ఈఎంఐకి పర్సనల్ లోన్ తీసుకోవాలి. చివరకు విషయం భార్యకు బ్యాంకు మెసేజ్ ద్వారా తెలుస్తుంది. అప్పుడు ఆమెకు కోపం రేటింగ్ మీద కాదు. "నాకెందుకు చెప్పలేదు?" అన్నదే ఆమె ప్రశ్న. ఆ ప్రశ్న అతనికి తన మీద మరో తప్పు మోపినట్టు వినిపిస్తుంది.

భార్య వైపు నుంచీ ఇలాగే. ప్రసవం తర్వాత దిగులుగా ఉన్నా, మంచి తల్లి అనిపించుకోవాలన్న ఒత్తిడిలో ఆ మాట పైకి రాదు. ఛాతీలో గడ్డ తగిలినా, పాప పరీక్షలు అయ్యాక చూపించుకుందాంలే అని మనసులోనే వాయిదా పడుతుంది. పిల్లవాడి మార్కులు తగ్గిన సంగతి తండ్రి చెవిన పడకుండా తల్లి, కొడుకు కలిసి దాచే ఇళ్ళు కొత్తేమీ కాదు. అక్కడ పిల్లవాడు కూడా ఒక పద్ధతి నేర్చుకుంటున్నాడు.

ఈ నగరంలో కర్మాగారాల్లో పనిచేసేవాళ్ళకు ఈ లెక్క బాగా తెలుసు. భద్రతా విభాగాలు "నియర్ మిస్" రిపోర్టులు అడుగుతాయి. ప్రమాదం జరగలేదు, కానీ జరగబోయి తప్పింది. అది కూడా రాయమంటారు. రాసినవాడికి "నీ వల్లే కదా" అని మెమో ఇచ్చే విభాగంలో మరుసటి నెల నుంచి రిపోర్టులు రావు. రిపోర్టులు రావట్లేదంటే తప్పులు తగ్గాయని కాదు, పైవాళ్ళకు తెలియడం ఆగిందని. ఇంట్లో కూడా చిన్న తప్పు చెప్పినప్పుడు ఎదురయ్యే స్పందనే, పెద్ద తప్పు చెప్పాలా వద్దా అన్నది నిర్ణయిస్తుంది. పగిలిన గాజు గ్లాసు గురించి గంటసేపు విన్న మనిషి, షేర్లలో పోయిన లక్ష రూపాయల గురించి చెప్పడు.

హ్యూవిట్, ఫ్లెట్, సైమన్ షెర్రీ, మరొకరు 2006లో ప్రతిపాదించిన నమూనా దీన్నే కాస్త విస్తరిస్తుంది. పర్ఫెక్షనిస్టు తప్పులేకుండా ఉంటే అందరూ దగ్గరకు తీస్తారని ఆశిస్తాడు. ఆ ఆశతో లోపాలు దాస్తాడు. లోపాలు దాచిన మనిషి ఎదుటివాళ్ళకు అందనివాడిలా, కొన్నిసార్లు గర్వపోతులా కనిపిస్తాడు. వాళ్ళు దూరం జరుగుతారు. ఆ దూరం చూసి, తాను ఇంకా సరిపోవట్లేదని అతను మరింత బిగుసుకుంటాడు. దగ్గరితనం కోసం ఎంచుకున్న దారే దగ్గరితనాన్ని చెడగొట్టడం ఈ నమూనాలో కీలకం.

ఒకరు వెంటపడటం, ఒకరు తప్పుకోవడం

దాచడం కొన్నాళ్ళు సాగాక ఇంట్లో ఒక స్థిరమైన ఆట మొదలవుతుంది. ఒకరు అడుగుతారు, ఒకరు తప్పుకుంటారు. తప్పుకున్నకొద్దీ అడగడం పెరుగుతుంది. అడిగినకొద్దీ తప్పుకోవడం పెరుగుతుంది. ఒకరు దీన్ని "నస" అంటారు, మరొకరు "మొండితనం" అంటారు. ఆండ్రూ క్రిస్టెన్‌సన్, క్రిస్టఫర్ హీవీ 1990లో ప్రచురించిన పరిశోధనలో ఇది కేవలం ఆడ, మగ స్వభావాల తేడా కాదని తేలింది. భార్య కోరుకునే మార్పు గురించి మాట్లాడినప్పుడు భార్య అడగడం, భర్త తప్పుకోవడం స్పష్టంగా కనిపించింది. భర్త కోరుకునే మార్పు గురించి మాట్లాడినప్పుడు ఆ తేడా దాదాపు పోయింది. అంటే మార్పు ఎవరికి కావాలో వాళ్ళు అడుగుతారు.

తప్పుకునే మనిషి పట్టించుకోనట్టు కనిపించినా శరీరం మరోలా ఉంటుంది. గొడవలో గుండె వేగం నిమిషానికి 100 దాటే స్థితిలో మనిషి వినలేడు, ఆలోచించి బదులివ్వలేడు అని గాట్‌మన్ పరిశీలన. ఆ స్థితి దిగడానికి కనీసం 20 నిమిషాలు పడుతుంది. తప్పును ప్రాణం మీదికొచ్చిన సంగతిలా చూసే మనిషి ఆ స్థితికి త్వరగా చేరుకోవడంలో ఆశ్చర్యం లేదు. భర్త బాల్కనీలోకి వెళ్ళి నిలబడతాడు. భార్య వంటింట్లో గిన్నెలు చప్పుడయ్యేలా తోముతుంది. మరుసటి రోజు ఇద్దరూ మామూలుగానే మాట్లాడుకుంటారు, నిన్నటి విషయం తప్ప.

జంట గొడవ మొదలైన తొలి మూడు నిమిషాల తీరును బట్టి ఆ పెళ్ళి భవిష్యత్తును కొంతవరకు అంచనా వేయవచ్చని గాట్‌మన్, సిబిల్ కారేర్ 1999లో కొత్త జంటల మీద చేసిన పరిశోధన చెప్పింది. ఇలాంటి అంచనాల కచ్చితత్వం మీద ఇతర పరిశోధకులకు అభ్యంతరాలు ఉన్నాయి. అయినా మొదలుపెట్టే తీరు ముఖ్యమన్న దాని మీద పెద్దగా వాదన లేదు.

విశాఖలో దీనికి తోడయ్యేవి

పర్ఫెక్షనిజం ఏ ఊరికీ సొంతం కాదు. అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో 41,641 మంది కాలేజీ విద్యార్థుల సమాచారాన్ని థామస్ కరన్, ఆండ్రూ హిల్ కలిపి చూస్తే, 1989 నుంచి 2016 మధ్య మూడు రకాలూ పెరిగాయి. అన్నిటికంటే ఎక్కువగా, 33 శాతం పెరిగింది "ఎదుటివాళ్ళు నా నుంచి ఆశిస్తున్నారు" అనే మూడో రకం. పోటీ, పోలిక పెరగడమే అందుకు కారణమై ఉండొచ్చని వాళ్ళ వాదన. ఇంటర్మీడియట్ రెండేళ్ళు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ర్యాంకుల బోర్డు కింద గడిపిన తరం ఇప్పుడు కాపురాలు చేస్తున్న మన దగ్గర ఆ వాదన అర్థం కావడానికి పెద్ద శ్రమ అక్కర్లేదు. రాండీ ఫ్రాస్ట్ 1990లో తయారు చేసిన కొలమానంలో తల్లిదండ్రుల ఆశలు, తల్లిదండ్రుల విమర్శ అని రెండు విడి భాగాలే ఉన్నాయి.

విశాఖ ప్రత్యేకత ఉద్యోగాల్లో ఉంది. తూర్పు నౌకాదళం, డాక్‌యార్డు, హిందుస్థాన్ షిప్‌యార్డ్, ఉక్కు కర్మాగారం, పోర్టు, పరవాడ ఫార్మా కంపెనీలు. ఇవన్నీ తప్పుకు చోటివ్వని పనులు. వెల్డింగ్ అతుకును ఎక్స్‌రే తీసి చూస్తారు, మందుల బ్యాచ్‌లో ప్రతి అడుగుకూ సంతకం ఉంటుంది. అక్కడ ఎనిమిది గంటలు లోపం వెతకడమే పనిగా ఉన్న చూపు ఇంటికొచ్చాక ఒక్కసారిగా మారదు. అయితే అక్కడ కూడా ఎవరూ పరిపూర్ణత అడగరన్న సంగతి తరచు మరుగున పడుతుంది. ప్రతి డ్రాయింగ్‌లో కొలత పక్కన టాలరెన్స్ రాసి ఉంటుంది, ఇంత అటూ ఇటూ ఉన్నా పాస్ అని. ఇంట్లో ఆ అంకె ఎవరూ రాయరు. అన్నం ఎంత మెత్తగా ఉంటే చాలు, స్కూలు నుంచి పాపను తేవడానికి ఎంత ఆలస్యం ఫర్వాలేదు, ఇవి చెప్పుకోకుండానే ఎదుటివాళ్ళకు తెలియాలని ఇద్దరూ అనుకుంటారు.

షిఫ్టుల సంగతి వేరు. భర్త నైట్ షిఫ్టు దిగి గాజువాక చేరేసరికి భార్య స్కూలుకు బయల్దేరుతుంటే, ఇద్దరికీ కలిసి దొరికేది పావుగంట. ఆ పావుగంటలో చెప్పాల్సినవి, సరిచేయాల్సినవే ముందుకొస్తాయి. సరదా మాటలు వారాంతానికి వాయిదా పడతాయి, ఆ వారాంతంలో వీక్లీ ఆఫ్ కలవదు. మిగతాదంతా వాట్సాప్‌లో: "గేటు తాళం వేయలేదు", "మోటార్ ఆపలేదు". గొంతులో ఉండే మెత్తదనం స్క్రీన్ మీదికి రాదు.

నౌకాదళంలోనూ మర్చంట్ నేవీలోనూ పనిచేసేవాళ్ళ ఇళ్ళలో మరో తీరు. నెలల తరబడి భర్త ఓడ మీద ఉంటాడు. ఫోన్ దొరికిన కాసేపట్లో అక్కడి టెన్షన్ అతను చెప్పడు, ఇక్కడి టెన్షన్ ఆమె చెప్పదు. ఎదుటివాళ్ళను కంగారు పెట్టకూడదన్న ప్రేమ అందులో ఉంది. కానీ అన్నీ చక్కగా నడుస్తున్నాయన్న చిత్రాన్ని ఇద్దరూ కాపాడుతూ వస్తారు. అతను తిరిగొచ్చాక ఆ చిత్రానికీ ఇంటికీ మధ్య తేడా కనిపిస్తుంది. ఆమె తనకు వీలైనట్టు అమర్చుకున్న ఇంట్లో అతను డబ్బాలు ఎక్కడున్నాయో తెలియక, ఇదేం పద్ధతి అంటాడు. అన్ని నెలలు ఒంటరిగా ఇల్లు నడిపిన మనిషికి ఆ మాట ఎలా తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ చాలా ఎక్కువ. అత్తగారో మామగారో వస్తున్నారంటే రెండు రోజుల ముందు నుంచే ఇల్లు సర్దడం, ఒకరినొకరు కసురుకోవడం మొదలవుతుంది. చూసేవాళ్ళ కళ్ళతో తమ ఇంటిని చూసుకోవడం మూడో రకానికి అచ్చమైన రూపం. ఇక బీచ్ రోడ్డు వైపు ఫ్లాట్లలో ఉప్పుగాలికి కిటికీ గ్రిల్ తుప్పు పట్టకుండా ఏ దంపతులూ ఆపలేరు. దానికి కూడా కొన్ని ఇళ్ళలో ఎవరో ఒకరు బాధ్యులు కావాల్సిందే.

పర్ఫెక్షన్ పేరుతో చలామణి అయ్యేవి

మూడింటిని వేరుగా చూడాలి. చేతులు పదే పదే కడుక్కోవడం, తాళం వేశానో లేదోనని పదిసార్లు చూడటం లాంటివి ఓసీడీ అనే వ్యాధి లక్షణాలు కావచ్చు. అందులో మనిషికి తన పని మీద తనకే భయం, విసుగు ఉంటాయి. దానికి మానసిక వైద్యుడి చికిత్స ఉంది. రెండోది, నలభై ఏళ్ళు దాటాక హఠాత్తుగా మొదలైన చిరాకు, వంకలు పెట్టడం. అది కుంగుబాటో, థైరాయిడ్ సమస్యో, నిద్రలేమో కూడా అయి ఉండొచ్చు.

మూడోది తీవ్రమైనది. "నాకు పర్ఫెక్షన్ కావాలి" అంటూ భార్య డబ్బు, ఫోన్, బట్టలు, పుట్టింటి రాకపోకలు అన్నీ తన అదుపులో పెట్టుకోవడం, తప్పు జరిగితే అవమానించడం, భయపెట్టడం పర్ఫెక్షనిజం కిందికి రావు. గృహ హింస నుంచి మహిళల రక్షణ చట్టం, 2005 మాటలతోనూ మానసికంగానూ పెట్టే బాధను కూడా హింసగానే గుర్తించింది. తేడా తెలుసుకోవడానికి ఒక ఆనవాలు ఉంది. పర్ఫెక్షనిస్టు సాధారణంగా తనను కూడా వదిలిపెట్టడు, తన తప్పుకు తానే ఎక్కువ బాధపడతాడు. అదుపు కోరేవాడి నియమాలు ఎదుటి మనిషికే వర్తిస్తాయి. అలాంటి ఇళ్ళలో "ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి" అన్న సలహా ప్రమాదకరం కావచ్చు. మహిళా హెల్ప్‌లైన్ 181 ఉన్నది ఇలాంటివాటి కోసమే.

ఏది మారితే మాట మారుతుంది?

పర్ఫెక్షనిజానికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మానసిక చికిత్స) ప్రత్యేక పద్ధతులున్నాయి. "కాస్త తగ్గించుకో" అన్న ఉపదేశం అక్కడ ఉండదు. చిన్న ప్రయోగాలు చేయిస్తారు. ఒక పనిని కావాలనే నూటికి డెబ్బై పాళ్ళు చేసి వదిలేయమంటారు. ఏం జరుగుతుందని భయపడ్డారో ముందే రాయమంటారు. ఆ తర్వాత నిజంగా ఏం జరిగిందో దాని పక్కన రాస్తారు. చుట్టాలు వచ్చినప్పుడు బజారు నుంచి తెచ్చిన స్వీట్లు పెడితే పరువు పోతుందని రాసుకున్న మనిషికి, అవి ఎవరూ పట్టించుకోలేదని తెలియడం వాదన కంటే బలంగా పనిచేస్తుంది.

జంటగా చేసుకోగలిగేది టాలరెన్స్ బయటికి చెప్పుకోవడం. ఏ పని ఎంత వరకు చేస్తే అయిపోయినట్టు, ఏ విషయంలో రాజీ లేదు, ఏవి ఎలా ఉన్నా ఫర్వాలేదు. అన్నిట్లోనూ రాజీ అక్కర్లేదు. మందుల డోసు, పిల్లల రోడ్డు భద్రత, అప్పుల లెక్క కచ్చితంగానే ఉండాలి. బట్టల మడత ఆ జాబితాలోకి రాదు. పని ఒకరికి అప్పగించాక దాన్ని మళ్ళీ చేయకపోవడం కూడా ఆ ఒప్పందంలో భాగమే. భర్త ఉతికిన చొక్కా కాలర్ కాస్త మురికిగా ఉంటే, ఆఫీసుకు అలాగే వెళ్ళేది అతనే కదా.

గొడవ వేడెక్కినప్పుడు విరామం తీసుకోవచ్చు, కానీ ఎప్పుడు తిరిగొస్తారో చెప్పి తీసుకోవాలి. "కాసేపయ్యాక మాట్లాడుకుందాం" అని వెళ్ళి రాకపోతే అది తప్పుకోవడమే. "అరగంటలో వస్తాను" అని చెప్పి ఆ వేళకు వస్తే, ఎదురుచూసే మనిషి కూడా శాంతపడి ఉంటుంది.

అన్నిటికంటే కష్టమైనది చెడు కబురు విన్న మొదటి నిమిషం. భర్త రేటింగ్ తగ్గిందని చెప్పినప్పుడు "నేను ముందే అన్నాను కదా" అనే మాట నోటి దాకా వస్తుంది. "చెప్పావు, మంచిది. ఇప్పుడేం చేద్దాం?" అనే మాటకు సాధన కావాలి. కౌన్సెలింగ్ మొదలైన కొత్తలో చాలా జంటలకు గొడవలు పెరిగినట్టు అనిపించొచ్చు. ఇన్నాళ్ళూ దాచినవి బయటికొస్తున్నాయి కాబట్టి ఆ మాత్రం అలజడి సహజం. కర్మాగారంలో కూడా శిక్ష భయం పోయిన కొత్తలో నియర్ మిస్ రిపోర్టుల సంఖ్య పెరుగుతుంది. భద్రతాధికారులు దాన్ని మంచి సూచనగానే చూస్తారు.

సాయం ఎక్కడ దొరుకుతుందన్న దానికి విశాఖలో కొన్ని దారులున్నాయి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఔట్ పేషెంట్‌గా చూపించుకోవచ్చు. 2022లో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. విషయం ఫ్యామిలీ కోర్టు దాకా వెళ్ళినా, 1984 చట్టం ప్రకారం ముందు రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యత. అయితే అప్పటికి దాచినవి చాలా పేరుకుపోయి ఉంటాయి. భాగస్వామి రానంటే ఒక్కరే వెళ్ళినా ఫలితం ఉండొచ్చు, ఎందుకంటే ఎంత చేసినా చాలదన్న నమ్మకం ముందు ఒక్క మనిషిలోనే ఉంటుంది. అది ఊహా, నిజమా అన్నది ఆ గదిలో మొదటిసారి విడదీసి చూడటం కుదురుతుంది.